బండి ఎందుకు ఎగురుతోంది?

కర్నూలు నుంచి నంద్యాలకు పోయే దోవలో ఓర్వకల్లు ఉంది. ఆ చుట్టుపక్కల అంతా రాతినేల. పెద్ద రోడ్డు నున్నగా ఉంటుంది. పెద్ద రోడ్డు దిగి పల్లెదోవ పట్టినామంటే కంకర, గుంతలు, ఎర్రదుమ్ము.

ఆ పక్క ఒక పల్లెలో ఒక వదిన ఉంది. ఆమెకు ఒక ఎకరా తోట. వంకాయ, బెండ, టమాట పండిస్తుంది. పొదుపు సంఘంలో అప్పు తీసుకుంది. పాత స్కూటరు ఒకటి కొనింది. తెల్లవారకముందే కూరగాయలు వేసుకుని కర్నూలు రైతుబజారుకు పోతుంది. నెలనెలా సంఘానికి కంతు కడుతుంది.

వదిన చిన్నప్పుడు బడికి పోలేదు. పెద్దయినాక రాత్రిబడిలో చదువు నేర్చుకుంది. ఇప్పుడు కూడబలుక్కుని చదువుతుంది. అంకెలు బాగా వచ్చు. ఆ అంకెలే ఆమె బండిని ఎట్లా బాగుచేసినాయో ఈ పాఠంలో చూద్దాం.

కొత్త సామాను, కొత్త కష్టం

ఒకరోజు వదిన బండి గుంతలో దిగింది. వెనక నుంచి 'దబ్' మని చప్పుడు వచ్చింది. రోజూ అదే చప్పుడు. ఒక షాపుకు తీసుకుపోయింది. షాపు మనిషి బండిని చూసీ చూడకనే చెప్పినాడు.

"షాకబ్జర్ పోయింది. లావు స్ప్రింగుది వేస్తా. ఎంత బరువైనా మోస్తాది."

వదిన రెండు వేల రూపాయలు ఇచ్చింది. అది ఆ నెల కంతు డబ్బు. బిల్లు అడగలేదు. పాత షాకబ్జర్‌ను మాత్రం గోనెసంచిలో చుట్టి ఇంటికి తెచ్చుకుంది.

'దబ్' మనే చప్పుడు పోయింది. కాని కొత్త కష్టాలు మొదలైనాయి. ఖాళీ బండితో వస్తే నడుము విరిగినట్లు దెబ్బలు. నడిమి స్టాండు వేస్తే వెనక చక్రం నేల వదలడం లేదు. రాత్రిపూట లైటు దూరం పోకుండా దగ్గరే పడుతోంది. మలుపులో హ్యాండిలు చేతిలో నిలవడం లేదు.

ఒక సాయంత్రం కూతురిని వెనక కూర్చోబెట్టుకుని వస్తోంది. కంకర మలుపులో బండి ఎగిరింది. వెనక చక్రం పక్కకు జారింది. వదిన కాలు ఆనించి ఎట్లో నిలబెట్టింది. పిల్ల భయపడి ఏడ్చింది. ఇంటికి వచ్చినాక వదిన చేతులు చాలాసేపు వణికినాయి.

"ఈ బండి అమ్మేస్తా" అనుకుంది. అమ్మితే అప్పు ఎట్లా తీరుతుంది? బజారుకు ఎట్లా పోవాలి?

మరదలు అడిగిన మూడు మాటలు

ఉగాదికి మరదలు పుట్టింటికి వచ్చింది. ఆమెను ఇచ్చింది కడప జిల్లా ఎర్రగుంట్ల వైపు. అక్కడ నాపరాళ్ల పాలీషు ఫ్యాక్టరీలు ఉన్నాయి. పనివాళ్లకు మరదలు స్కూటరు మీదనే సద్ది క్యారియర్లు మోస్తుంది. బండి కష్టసుఖాలు ఆమెకు తెలుసు.

వదిన జరిగిందంతా చెప్పింది. మరదలు విని తల ఊపింది.

"రోగం ఏందో చూడకుండానే మందు మింగినట్లుంది వదినా. మూడు మాటలు అడుగుతా, చెప్పు. ఈ కష్టం ఎప్పటి నుంచి ఉండాది? బరువు ఉన్నప్పుడా, ఖాళీగా ఉన్నప్పుడా? అంతకు ముందు బండికి ఏం మార్చినావు?"

వదిన ఆలోచించింది. "ముందు బరువుతో పోయేటప్పుడు దబ్ మనేది. సామాను మార్చినాక ఖాళీగా వచ్చేటప్పుడు ఎగురుతాంది."

"అయితే ఇవి రెండు వేర్వేరు రోగాలు మే. ఒకటి పాతది. ఒకటి మనం కొనుక్కున్నది."

షాకబ్జర్ ఏం చేస్తుంది?

షాకబ్జర్‌లో రెండు పనులు ఉన్నాయి. ఒక పని స్ప్రింగుది. ఒక పని నూనెది.

స్ప్రింగు బరువు మోస్తుంది. గుంతలో చక్రం కదిలితే స్ప్రింగు నొక్కుకుంటుంది. మళ్లీ సాగుతుంది. స్ప్రింగు ఒక్కటే ఉంటే బండి బంతి మాదిరి ఎగురుతూనే ఉంటుంది.

ఆ ఎగురుడును నూనె ఆపుతుంది. లోపల ఒక గొట్టం ఉంటుంది. గొట్టంలో నూనె ఉంటుంది. చిన్నచిన్న రంధ్రాలున్న ఒక బిళ్ల ఆ నూనెలో పైకీ కిందికీ కదులుతుంది. నూనె ఆ రంధ్రాల గుండా మెల్లగా దూరుతుంది. అందుకే బండి కుదురుగా నిలుస్తుంది.

ఖాళీ కుండలో కవ్వం ఆడించి చూడండి. సులభంగా ఆడుతుంది. గట్టి పెరుగులో ఆడించండి. బరువుగా, మెల్లగా కదులుతుంది. షాకబ్జర్‌లో నూనె పెరుగు మాదిరి పనిచేస్తుంది. నూనె కారిపోతే మిగిలేది ఖాళీ కుండలో కవ్వమే.

నూనె కారకుండా గొట్టం మూతి దగ్గర రబ్బరు సీలు ఉంటుంది. మన సీమలో ఆ సీలుకు పగ దుమ్మే. ఓర్వకల్లు ఎర్రదుమ్ము అయినా, ఎర్రగుంట్ల నాపరాయి పొడి అయినా కడ్డీకి అంటుకుంటుంది. కడ్డీ కదిలినప్పుడల్లా సీలును గీకుతుంది. సీలు అరిగితే నూనె బయటికి వస్తుంది.

ఖర్చు లేని పరీక్షలు ముందు

మరదలు బండిని చెట్టుకిందికి తోసింది. "డబ్బు ఖర్చు కాని పని ముందు చేద్దాం" అంది. ఇద్దరూ ఒక్కొక్కటే చూసినారు. చూసింది చూసినట్లు వదిన నోటుపుస్తకంలో రాసింది.

1. గాలి

బండితో వచ్చిన పుస్తకం డిక్కీలోనే ఉంది. అది ఇంగ్లీషులో ఉంది. కాని అంకెలు వదినకు తెలుసు. ముందు చక్రానికి 22. వెనక చక్రానికి ఒక్కరు ఉంటే 29. ఇద్దరు ఉంటే 36.

పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు పంక్చరు షాపులో గాలి కొలిపించింది. వెనక చక్రంలో 20 మాత్రమే ఉంది. గాలి తక్కువైతే టైరు అణుగుతుంది. మలుపులో వెనకభాగం ఊగుతుంది. గాలి మరీ ఎక్కువైతే ప్రతి రాయీ నడుముకు తెలుస్తుంది. గాలి తప్పు చాలాసార్లు షాకబ్జర్ మీద పడుతుంది.

2. బరువు

వదిన బరువు 55 కిలోలు. వెనక రెండు మూటలు. ఒక్కొక్కటి 40 కిలోలు. కాళ్ల దగ్గర గంప 20 కిలోలు.

55 + 40 + 40 + 20 = 155 కిలోలు.

పుస్తకంలో బండి మోయగల బరువు 130 అని ఉంది. అది మనిషి, సామాను అన్నీ కలిపి. చాలా స్కూటర్లకు దాదాపు ఇంతే ఉంటుంది.

"పాతిక కిలోలు ఎక్కువ!" అంది వదిన. "దబ్ మన్నది ఇందుకేనా?"

"ఇదీ ఒక కారణం వదినా. మూటలు వెనక చక్రానికి ఇంకా వెనక్కి వేలాడుతాండాయి. వెనక బరువు ఎక్కువైతే ముందు చక్రం తేలిపోతాది. తేలిపోతే హ్యాండిలు నిలవదు."

3. బోల్టులు, బుష్‌లు

షాకబ్జర్‌ను పైన ఒక బోల్టు, కింద ఒక బోల్టు పట్టుకుంటాయి. వాటి లోపల రబ్బరు బుష్‌లు ఉంటాయి. మరదలు వెనక చక్రాన్ని రెండు చేతులతో పట్టి పక్కకు కదిపింది. చక్రం వదులుగా కదిలితే బుష్ గానీ బేరింగు గానీ పోయినట్లు. ఈ బండికి అవి బాగానే ఉన్నాయి.

4. నొక్కి వదిలే పరీక్ష

స్టాండు తీసి బండిని నిటారుగా పట్టుకోవాలి. సీటు వెనక గట్టిగా నొక్కి వదలాలి. బండి ఒకసారి పైకి లేచి నిలవాలి. రెండుమూడు సార్లు ఊగితే నూనె పని అయిపోయినట్లు. ఎంత నొక్కినా కదలకపోతే స్ప్రింగు మరీ గట్టిది, లేదా కడ్డీ పట్టేసింది.

మరదలు నొక్కింది. బండి కదల్లేదు. వదిన కూడా చెయ్యి వేసింది. అప్పుడు కొంచెం దిగింది.

"ఈ స్ప్రింగు ఇంతకంటే బరువైన బండికి చేసింది మే. నీ ఖాళీ బండి దీనికి గడ్డిపోచ. అందుకే ఎగరేస్తాంది."

5. పాతదీ కొత్తదీ పక్కపక్కన

వదిన గోనెసంచి విప్పింది. పాత షాకబ్జర్ కడ్డీని బట్టతో తుడిచింది. బట్టకు నూనె జిడ్డు అంటింది. జిడ్డులో ఎర్రదుమ్ము ముద్దకట్టి ఉంది. అంటే సీలు పోయి నూనె కారింది. పాతది మార్చవలసిందే. కాని సరైనది వేయవలసింది.

మరదలు రవికలు కొలిచే టేపు తెచ్చింది. షాకబ్జర్‌కు పైన ఒక రంధ్రం, కింద ఒక రంధ్రం ఉంటాయి. ఆ రెంటి నడుమ కొలిచింది. కొత్తది పాతదాని కంటే రెండు సెంటీమీటర్లు పొడుగు.

"దొరికింది!" అంది వదిన. షాకబ్జర్ పొడుగైతే బండి వెనకభాగం లేస్తుంది. నడిమి స్టాండు వేసినా చక్రం నేలను తాకుతుంది. లైటు నేలచూపు చూస్తుంది. హ్యాండిలు వాలు మారి మలుపులో నిలకడ తగ్గుతుంది. వదిన కష్టాలన్నిటికీ లెక్క కుదిరింది.

పొట్టిదైనా చేటే. బండి అడుగు రాళ్లకు తగులుతుంది. చక్రం మడ్గార్డుకు రాసుకుంటుంది. పక్క స్టాండు వేస్తే బండి సరిగా వాలక, గాలికి కూడా పడిపోతుంది.

రాసుకున్న కాగితం చేసిన పని

మరునాడు ఇద్దరూ కర్నూలులో ఇంకొక మెకానిక్ దగ్గరికి పోయినారు. వదిన నోటుపుస్తకం తీసి చదివింది.

"అన్నా, పాతదానికి నూనె కారింది. కొత్తది రెండు సెంటీమీటర్లు పొడుగు. నొక్కితే దిగదు. ఖాళీగా ఎగురుతాది. నాకు నా బండికి తగిన కొలతదే కావల్ల."

మెకానిక్ నవ్వినాడు. "ఇట్లా రాసుకొని వస్తే నా పని సగం అయినట్లే అక్కా. చానామంది 'బండి బాగలేదు' అని చెప్పి పోతారు. నేను వెతుక్కోవాల."

అతను ఇంకొక మాట చెప్పినాడు. కంపెనీ సామానే కొనాలని లేదు. బయట చేసిన వాటిలోనూ మంచివి ఉంటాయి. కాని నాలుగు కుదరాలి. బండి పేరు, మోడలు కుదరాలి. పొడుగు కుదరాలి. బోల్టు రంధ్రం కుదరాలి. స్ప్రింగు మోసే బరువు కుదరాలి. లావుగా ఉంటే మంచిది, ఎర్రరంగుంటే గట్టిది అనేది ఉత్త మాట.

వదిన అట్టపెట్టె చేతికి తీసుకుంది. పెట్టె మీద ఉన్న బండి పేరును, తన బండి మీద ఉన్న పేరుతో ఒక్కొక్క అక్షరం పోల్చి చూసింది. కుదిరింది. కొలత కొలిచింది. అదీ కుదిరింది. బిల్లు అడిగి తీసుకుంది. బిల్లులో బండి మోడలు, తేదీ రాయించింది.

కొత్త షాకబ్జర్ కింద మూడు మెట్ల రింగు ఉంది. ఒక్కరే పోయేటప్పుడు మొదటి మెట్టు. బరువు వేసినప్పుడు మూడో మెట్టు. ఈ రింగు తిప్పితే స్ప్రింగు గట్టిపడదు. బరువుకు కుంగిన బండి కొంచెం పైకి లేస్తుంది, అంతే. మోయగల బరువు 130 అయితే, రింగు తిప్పినా 130 కిలోలే.

మొదటి షాపుకు పోయి డబ్బు అడిగినారు. "బిల్లు ఏది?" అన్నాడు. బిల్లు లేదు. ఆ రెండు వేలు పోయినట్లే. వదినకు బాధ కలిగింది. కాని ఇకమీదట బిల్లు లేకుండా సూది కూడా కొననని చెప్పింది.

సంఘంలో నలుగురు ఆడవాళ్లు మాట్లాడుకున్నారు. పెద్ద మూటలకు కలిసి లగేజి ఆటో పెట్టుకున్నారు. ఇప్పుడు వదిన బండి మీద 60 కిలోలకు మించి వేయదు. బరువైన మూటను సీటుకు దగ్గరగా కడుతుంది. మూట వెనక్కి వేలాడనీయదు. వారం తిరిగినాక షాకబ్జర్ బోల్టుల బిగువు మళ్లీ చూపించుకుంది. కూతురు మళ్లీ వెనక కూర్చుంది. కంకర మలుపు వచ్చింది. పిల్ల అమ్మ నడుము గట్టిగా పట్టుకుంది. బండి కుదురుగా తిరిగింది.

ఏ గుర్తుకు ఏ కారణం?

బరువుతో పోతే 'దబ్' మంటుంది: బరువు ఎక్కువ, స్ప్రింగు మెత్తబడింది, లేదా నూనె పోయింది.

గుంత దాటినా ఊగుతూనే ఉంటుంది: నూనె కారింది.

ఖాళీగా పోతే ఎగిరెగిరి పడుతుంది: స్ప్రింగు మరీ గట్టిది, లేదా గాలి ఎక్కువ.

వెనకభాగం పాములా ఊగుతుంది: గాలి తక్కువ, బుష్ అరిగింది, లేదా బోల్టు వదులైంది.

స్టాండు వేసినా చక్రం నేలను తాకుతుంది: షాకబ్జర్ పొడుగైంది, లేదా స్టాండు అరిగింది.

చక్రం మడ్గార్డుకు రాసుకుంటుంది: షాకబ్జర్ పొట్టిది, లేదా బరువు ఎక్కువ. నల్లరేగడి బురద ఇరుక్కున్నా ఇట్లాగే ఉంటుంది.

చేయకూడని పనులు

షాకబ్జర్‌ను ఇంట్లో విప్పకూడదు. నొక్కుకుని ఉన్న స్ప్రింగు ఎగిరి ముఖానికి తగులుతుంది. కొన్నిటిలో గ్యాసు కూడా ఉంటుంది. వాటికి రంధ్రం చేయకూడదు.

కారిన నూనె టైరు మీద, బ్రేకు మీద పడితే బండి నడపకూడదు. చక్రం జారుతుంది, బ్రేకు పట్టదు.

రెండు పక్కలా షాకబ్జర్లున్న బండికి ఒకటే మార్చకూడదు. రెండూ ఒకేసారి, ఒకే రకంవి మార్చాలి.

బండి బాగున్నా హెల్మెట్టు మరవకూడదు.

మీకు తెలుసా?

ఎద్దులబండి చక్రం పెద్దది. చిన్న గుంతను అది ఇట్టే దాటుతుంది. స్కూటరు చక్రం చిన్నది. అదే గుంతలోకి లోతుగా దిగుతుంది. అందుకే స్కూటరులో షాకబ్జర్‌కు పని ఎక్కువ.

ఇటలీ దేశంలో 1946లో వెస్పా స్కూటరు వచ్చింది. దాన్ని తయారుచేసిన ఇంజనీరు అంతకు ముందు విమానాలు చేసేవాడు. మన దేశంలో 1972లో బజాజ్ చేతక్ వచ్చింది. చేతక్ అనేది రాణా ప్రతాప్ గుర్రం పేరు. 1984లో గేర్లు మార్చే పని లేని కైనెటిక్ హోండా వచ్చింది.

టైరు మీద 90/100-10 అని ఉంటే ఏమిటి? 90 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 100 అంటే టైరు ఎత్తు ఆ వెడల్పులో నూటికి ఎంతో చెప్పే అంకె. ఇక్కడ ఎత్తూ వెడల్పూ సమానం. 10 అంటే లోపలి ఇనుప చక్రం 10 అంగుళాలు. పక్కన 53 అని ఉంటే ఆ టైరు 206 కిలోలు మోస్తుంది. కాని ఆ బరువులో బండి బరువు కూడా కలిసి ఉంటుంది.

కొత్త మాటలు

షాకబ్జర్: గుంతల దెబ్బ మనిషికి తగలకుండా ఆపే సామాను.
సీలు: నూనె కారకుండా ఆపే రబ్బరు చుట్టు.
బుష్: బోల్టు చుట్టూ ఉండే రబ్బరు గొట్టం.
కంతు: వాయిదా. అప్పును కొంచెం కొంచెంగా తీర్చే డబ్బు.

చెప్పండి, చేయండి

1. మరదలు అడిగిన మూడు మాటలు ఏవి?
2. షాకబ్జర్‌లో స్ప్రింగు పని ఏమిటి? నూనె పని ఏమిటి?
3. పాత సామాను ఇంటికి తెచ్చుకోవడం వల్ల వదినకు ఏం మేలు జరిగింది? బిల్లు లేక ఏం నష్టం జరిగింది?
4. ఒక బండి 130 కిలోలు మోస్తుంది. నడిపే ఆమె 60 కిలోలు. వెనక కూర్చున్న ఆమె 50 కిలోలు. ఇంకా ఎన్ని కిలోల సామాను వేయవచ్చు? లెక్క వేసి రాయండి.
5. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉన్న బండి టైరు మీది అంకెలు చూసి రాసుకుని రండి. అందరూ కలిసి చదవండి.